మా మావయ్యకు రాని జబ్బు

మా మన్మథరావు మావయ్యకు రాని జబ్బు లేదు. నర్సీపట్నంలో ఎవరికి ఏం వచ్చినా, అది ముందు ఆయనకే వచ్చి తగ్గిపోయి ఉంటుంది. ఎదురింటి అప్పలలక్ష్మికి కామెర్లని తెలిసి, "ఓస్, అదేనేటి? నాకూ వచ్చీసింది. నాకైతే కట్టుకున్న పంచె కూడా పచ్చబడిపోనాది" అన్నాడు. పక్కింటి వరహాలక్ష్మికి పురిటి నొప్పులు మొదలైనప్పుడు కూడా ఏదో అనబోతే, మా దేవుడమ్మత్త ఆయన నోరు చేత్తో మూసేసింది.

ఎండాకాలం నుంచీ నాకు తలనొప్పి. నేను పాఠాలు చెప్పే బడిలో బోర్డు మీద రాసిన అక్షరాలే నాకు రెండేసిగా కనబడుతుంటే, డాక్టరు ఎమ్మారై తీయించమన్నారు. తలలో గడ్డేమోనని ఆయన అనుమానం. మా అమ్మాయికి జడ వేస్తూ, ఇంకెన్నాళ్లు వేస్తానో అనుకుని ఏడ్చేదాన్ని.

"ఎమ్మారైయా? నాకూ తీసీసారు. హాయిగా పడుకుని లెగిసి వచ్చీడమే పుష్పా!" అన్నాడు మావయ్య. పిల్లని మా ఆయనకి అప్పజెప్పి, ఆ మాట పట్టుకునే మావయ్యతో అనకాపల్లి బస్సెక్కాను.

స్కానింగు సెంటర్లో పుస్తెలు, మట్టెలు తీయించారు. మెడ బోసిగా ఉండకూడదని అత్త ఇచ్చిన పసుపుకొమ్ము దారం కట్టుకున్నాను. భయమైతే తోడుగా ఒకరు లోపల కూర్చోవచ్చన్నాడు టెక్నీషియను. "నాకూ తీసీసారు బాబూ" అంటూ మావయ్య దర్జాగా ముందుకు నడిచాడు. గుమ్మం దగ్గర ఇనుమును పసిగట్టే డిటెక్టరు కుయ్యిమంది. చూస్తే, మొలతాడుకి తన జీడిపిక్కల గోడౌను తాళాల గుత్తి!

"ఇంతకుముందు తీయించుకున్నానన్నారు కదా? అప్పుడు తాళాలతో ఎలా వెళ్లారండీ?" అన్నాడు టెక్నీషియను.

"అప్పటి మిషనుకి ఇన్ని పట్టింపులు నేవు బాబూ."

నాకు అప్పుడర్థమైంది. ఈ మనిషి ఎమ్మారై మొహమే చూడలేదు!

తాళాలు బయట పెట్టించి ఆయన్నీ లోపలికి రానిచ్చారు. నా తల కదలకుండా మొహం మీద బోనులాంటిది బిగించి, చేతిలో రబ్బరు బంతి పెట్టి, ఉండలేకపోతే నొక్కమని మిషను గొట్టంలోకి తోసేశారు. కళ్లకు బెత్తెడు దూరంలో గోడ. రోడ్డు తవ్వే మిషను తెచ్చి నా తల పక్కన పెట్టినట్టు ఒకటే మోత. ముక్కు దురద, గోక్కోకూడదు. పాడె మీదైనా ఇంతకన్నా గాలాడుతుందనిపించింది. బంతి నొక్కేద్దామనుకుంటుండగా, మావయ్య నా కాలి బొటనవేలు పట్టుకున్నాడు. మోత ఆగినప్పుడల్లా, "అయిపోనాదే, నాకూ ఇలాగే..." అంటున్నాడు. మోత మొదలైనప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాడు. వదల్లేదు మాత్రం. నేనూ బంతి నొక్కలేదు.

మర్నాడు డాక్టరు గడ్డేనని చెప్పారు. విశాఖలో ఆపరేషన్ చేయించుకోవాలట. మంచిదో చెడ్డదో తీశాకగానీ తెలియదట. బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాం. మావయ్య "నాకూ వచ్చీసింది" అనలేదు. గడ్డ కంటే నాకు అదే ఎక్కువ భయమేసింది.

"ఇదీ నీకు వచ్చిందని చెప్పు మావయ్యా."

కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నేదమ్మా. ఇది రానేదు. ఆ మాటకొస్తే నాకేటీ రానేదు. వచ్చి తగ్గినోడొకడు కళ్లెదురుగా తిరుగుతుంటే, పడుకున్నోడికి ధైర్యంగా ఉంటాదని అలాగనీసీవోడిని."

నాకు దుఃఖం ఆగలేదు. ఆయన గొంతు పెంచాడు.

"ఏడుపాపు. నువ్వు బేగి ఎల్లి, అది తీయించుకుని, తిరిగొచ్చి, ఎలాగుంటాదో అంతా నాకు సెప్పాల. నేకపోతే రేపు ఇంకెవరికైనా ఈ గడ్డొస్తే, నాకూ వచ్చీసిందని ఏ మొహం పెట్టుకుని సెప్పీదే?"

ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వేశాను. వచ్చి చెప్తానన్నాను.