నతానియేలు మడిగె

కల్పలత సంఘానికి అధ్యక్షురాలు కావాలని ఎవరూ ముందుగా అనుకోలేదు. ఏ.ఎస్. రావు నగర్ మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఆ వీధిలో దుకాణాలవాళ్లు చిన్న వ్యాపారుల సంఘం పెట్టుకున్నప్పుడు, అధ్యక్ష పదవికి ఇద్దరు పట్టుబట్టారు. ఒకరు గెలిస్తే రెండోవారు సంఘంలోనే ఉండనన్నారు. అప్పుడు వెనక వరసలోంచి ఎవరో, "మ్యాచింగ్ సెంటర్ అక్కను పెడదాం. ఆమెతోని ఎవరికీ లొల్లి లేదు" అన్నారు. చీరల మీదికి జాకెట్ గుడ్డ, లైనింగు, ఫాల్స్ అమ్ముకునే కల్పలత అలా అధ్యక్షురాలైంది. మళ్లీ ఆమెను దించాలని ఎవరికీ తోచలేదు.

చెత్తబండి రాకపోతే ఆమే ఫోన్ చేసేది. ఒకరి బోర్డు ఇంకొకరి దుకాణానికి అడ్డమొస్తే ఇద్దరినీ తన కొట్టులో కూర్చోబెట్టి చాయ్ తెప్పించేది. చాయ్ అయిపోయేలోపు బోర్డు జరిగేది.

ఆమె కొట్టు పక్క మడిగె నతానియేలుది. లేడీస్ టైలరు. ఆమె దగ్గర గుడ్డ కొన్నవాళ్లు అటునుంచి అటే అతని దగ్గరికి వెళ్లి కొలతలిచ్చేవాళ్లు. రోజంతా గోడ అవతల అతని మిషన్ నడుస్తూ ఉండేది. ఆ చప్పుడు ఆగితే భోజనాల వేళయిందని ఆమెకు తెలిసేది.

మొదటి లాక్‌డౌన్ ఎత్తేసి దుకాణాలు తెరిచిన రోజుల్లో, వీధిలో అందరికీ సంఘం తరఫున మాస్కులు ఇద్దామన్నది కల్పలతే. లైనింగు గుడ్డ ఆమె ఇచ్చింది. నతానియేలు కుట్టాడు. బండ్లమీద కూరగాయలు అమ్మేవాళ్లకు, దుకాణాల్లో పనిచేసేవాళ్లకు అతనే తిరిగి పంచాడు. నెల తిరగకముందే అతనికి జ్వరమొచ్చింది. ఆస్పత్రి నుంచి మళ్లీ ఇంటికి రాలేదు. భార్య ఎలీసబెతును దగ్గరికి రానివ్వలేదు. మట్టి చేస్తుంటే ఆమె దూరంగా సమాధుల తోట గేటు దగ్గర నిలబడి చూసింది. ఆ తర్వాత బొల్లారంలో తమ్ముడింటికి వెళ్లిపోయింది. మడిగె తాళం ఆమెతోనే పోయింది.

మడిగెల ఓనరు మధుసూదన్ మంచివాడు, తొందరపెట్టలేదు. ఆయన తొందరపడ్డా ఆ మడిగె అద్దెకు అడిగేవాళ్లు లేరు. మూసిన షట్టరు లోపల కుట్టుమిషన్ నడుస్తోందని వీధిలో మాట పుట్టింది. మొదట పాలు వేసే మనిషి అన్నాడు. తర్వాత ఎదురుగా కర్రీ పాయింట్ నడిపే అమ్మిరాజు అన్నాడు. ఆయనది గోదావరి వైపు.

"నేనూ విన్నానండి కల్పలత గారూ. పట్టపగలే. మా ఆవిడైతే ఆ పక్కనుంచి నడవడమే మానేసింది."

"ఎలుకలు గిట్ల తిరుగుతున్నయేమో రాజుగారూ" అంది కల్పలత.

ఆమె కూడా వింది. మధ్యాహ్నం గిరాకీ లేనివేళ, గోడ అవతల సన్నగా, ఆగి ఆగి వినిపించేది. కొత్తగా కొలతలు మార్చుకుని కుట్టేటప్పుడు నతానియేలు అట్లాగే ఆగేవాడు. ఆమె ఫ్యాను ఆపి వినేది. ఫ్యాను ఆపితే ఏమీ ఉండేది కాదు.

నతానియేలు పోయిన మూడో ఏడు ఫోన్ కవర్లు అమ్ముతానని ఒకతను వచ్చాడు. దయ్యాల మాటలు తనకు పట్టవన్నాడు. మడిగె ఖాళీ చేయించే పని మధుసూదన్ సంఘం మీద పెట్టాడు. కల్పలత ఫోన్ చేస్తే ఎలీసబెతు తమ్ముడి చేత తాళం పంపింది. "నాతోని కాదక్కా. నువ్వే తియ్యి" అని మాత్రం అంది.

తుప్పు పట్టిన షట్టరును అమ్మిరాజు, ఇంకొకరు కలిసి లేపారు. లోపల భయపడాల్సిందేమీ లేదు. దుమ్ము, తడి గోడ వాసన. దండెం మీద కుట్టడం పూర్తయిన బట్టలు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కోదానికి పిన్నుతో చిట్టీ గుచ్చి ఉంది. పేరు, ఇంటి గుర్తు. మిషన్ మీద తెల్ల జాకెట్ ఒకటి, ఒక చెయ్యి అతికించి ఉంది, రెండో చెయ్యి సూది కింద ఆగిపోయింది. దానికి చిట్టీ లేదు.

"పారేయిద్దామండీ" అన్నాడు అమ్మిరాజు మెల్లగా.

"పరాయివాళ్ల బట్టలు మనమెట్ల పారేస్తం?" అంది కల్పలత.

ఆమె అన్నీ దులిపి, ఇస్త్రీ చేయించి, సాయంత్రాలు ఇంటింటికీ తీసుకెళ్లింది. కొన్ని ఇళ్లలో అద్దెకున్నవాళ్లు మారిపోయారు. ఒక ఇల్లాలు బడి యూనిఫాం చూసి నవ్వింది, "మా పిల్ల ఇప్పుడు నాకంటే పొడుగైంది" అంటూ. నవ్వు మధ్యలోనే ఆపేసి, కుట్టినాయన గుర్తొచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకో ఇంట్లో గడప దాటనివ్వలేదు. "పోయినోళ్ల చేతివి మాకొద్దు" అన్నారు.

బ్రహ్మచారి అనే ఆయన ఇంట్లో మాత్రం ఆమె చాలాసేపు నిలబడిపోయింది. చిట్టీ మీద ఉన్నది ఆయన భార్య పేరు. ఆమె కూడా ఆ ఏడాదే పోయింది. ఆయన ఆకుపచ్చ జాకెట్ మడత విప్పి, భుజాలు పట్టుకుని చూశాడు.

"కుట్టిండని మాకు తెల్వనే తెల్వదమ్మా. అడుగుదామంటే ఎవర్ని అడగాలె" అన్నాడు. తర్వాత దాన్ని పాత మడతల్లోనే మడవాలని చూశాడు, చేతకాలేదు. కల్పలత మడిచి ఇచ్చింది.

చివరికి మిషన్, ఆ తెల్ల జాకెట్ మిగిలాయి. రెండింటినీ ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని బొల్లారం వెళ్లింది. ఎలీసబెతు వాకిట్లో బియ్యం ఏరుతోంది. చిక్కిపోయింది. జాకెట్ చూడగానే గుర్తుపట్టింది.

"నాదే. చర్చికి ఏసుకపోనీకి కుడుతుండె" అంది. ఒళ్లో పెట్టుకుని కుట్లు తడిమింది. "అక్కా, ఆయన పోయినంక చానమంది నీమీద చెప్పిండ్రు. మాస్కులు పంచనీకి సంఘం అక్క పంపకపోతే బతుకుతుండె అన్నరు. నేను నమ్మలే. ఆయనే చెప్పిండు నాతోని. 'అక్క వద్దన్నది, కుట్టినోణ్ని నేనే గద, నేనే పంచుత అని పోయిన' అన్నడు."

ఆటో అతను మిషన్ దింపి గోడవారగా పెడుతున్నాడు. కల్పలత తలూపి లేచి వచ్చేయొచ్చు. నతానియేలు ఆమెకోసం ఆ దారి వేసి పోయాడు. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి కళ్లలో ఆ నమ్మకం చూశాక ఆమె లేవలేదు.

"అబద్ధం చెప్పిండు ఎలీసబెతూ. నేనే పంపిన" అంది. "'భయమైతుందక్కా, ఇంకెవర్నన్న పంపు' అన్నడు. 'నువ్వైతే అందరికి తెలుసు, జెర పోయిరా' అన్న నేను. పోయిండు."

ఎలీసబెతు చేతులు జాకెట్ మీద ఆగాయి.

"భయమైతుందన్నడా?"

"అన్నడు."

"నాకు చెప్పలే" అంది ఎలీసబెతు. "ఒక్కనాడు సుత చెప్పలే నాకు."

బియ్యం చాట అక్కడే వదిలేసి లోపలికి వెళ్లింది. కల్పలత ఎండ దిగేదాకా వాకిట్లో నిలబడింది. ఎలీసబెతు మళ్లీ బయటికి రాలేదు.

ఫోన్ కవర్ల దుకాణం వచ్చింది. రంగురంగుల లైట్లు పెట్టారు. మిషన్ చప్పుడు మాట వీధిలో ఎవరూ ఎత్తలేదు. కల్పలతకు మాత్రం ఆ లైట్ల వెనకనుంచి చాలాకాలం వినిపిస్తూనే ఉంది. మిషన్ బొల్లారంలో ఉందని తెలిసీ ఫ్యాను ఆపేది. అధ్యక్ష పదవి వదిలేస్తానని మీటింగులో చెప్పింది, ఎవరూ ఒప్పుకోలేదు. కారణం అడిగితే ఒంట్లో బాగుండటం లేదంది. అప్పటినుంచి సంఘం పని ఏదున్నా తనే పోయేది. మ్యాన్‌హోల్ పొంగితే వానలో తనే నిలబడేది. అమ్మిరాజు నొచ్చుకున్నాడు. "మేం ఉన్నది ఎందుకండీ, మాక్కూడా ఓ పని చెప్పకూడదా" అన్నాడు. ఆమె "చెప్త" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

వానలు తగ్గాక ఒక శనివారం ఎలీసబెతు వచ్చింది. బొల్లారంలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడుతోందట. మామూలు గిరాకీలాగా కౌంటరు ముందు నిలబడి లైనింగు చూపించమంది. కల్పలత తానులు దించింది. ఎలీసబెతు వేళ్ల మధ్య గుడ్డ నలిపి చూసింది, ఒకటి పక్కకు జరిపింది.

"కూసో. చాయ్ చెప్త" అంది కల్పలత.

"వద్దు."

గుడ్డ కట్ చేయించుకుని, సంచీలో పెట్టుకుని, ఎటూ చూడకుండా మెట్లు దిగింది. ఆనాటినుంచి నెలకోసారి వస్తోంది. మోండా మార్కెట్లో ఇంతకంటే అగ్గువకు దొరుకుతుందని ఇద్దరికీ తెలుసు. పాత మాట ఎత్తదు. నవ్వదు. ఆమె ఎందుకు వస్తోందో కల్పలతకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. మిగతా గిరాకీకి చూడకుండానే గుడ్డ కోసే మనిషి, ఎలీసబెతు ముందు మాత్రం కత్తెర పెట్టేముందు రెండుసార్లు కొలుస్తుంది.

"ఎంత గావాలె?"

"పోయినసారి అంతనే."