హీరోయిన్ పథ్యం

మా వదిన మా ఇంటికి వచ్చిన మొదటిరోజు మధ్యాహ్నం నాలుగుసార్లు అన్నం మారు పెట్టించుకుంది. నేను లెక్కపెట్టాను. వదిన అంటే మా మేనత్త కూతురు, నాకంటే మూడు నెలలు పెద్దది. వాళ్ళది నాగాయలంక పక్క పల్లె. ఉప్పెనలో వాళ్ళ ఇంటికప్పు, రెండు గేదెలు, పొలంలో పంట పోయాయి. మనుషులు మాత్రం మిగిలారు. ఇల్లు మళ్ళీ నిలబడేదాకా పిల్ల చదువు ఆగకూడదని మా నాన్న వెళ్ళి, తనను ఒక రేకుపెట్టెతో సహా బందరు తీసుకొచ్చి, నేను చదివే ఆడపిల్లల కాలేజీలోనే ఇంటర్లో చేర్పించారు.

అంత కష్టం చూసి వచ్చిన మనిషి మీద ఎవరికైనా జాలి కలుగుతుంది. మా వీధి వీధంతా జాలిపడింది. నేను కుళ్ళుకున్నాను. ఉన్నదంతా పోగొట్టుకుని వచ్చిన పిల్ల మీద, కడుపు నిండా తిండి, నెత్తిన కప్పు ఉన్న పిల్ల కుళ్ళుకోవడమేమిటని ఇప్పుడు మీరు అడగొచ్చు. నేనూ అప్పుడు నన్ను అడిగాను, కుళ్ళు మాత్రం తగ్గలేదు.

ఎందుకంటే నేను ఎలా ఉండాలనుకున్నానో తను అలా ఉండేది. విశాలమైన భుజాలు, నిటారైన మెడ. వీధి కుళాయి దగ్గర నుంచి ఒక బిందె చంకన, ఒక బిందె చేత్తో పట్టుకుని వస్తూ ఎదురొచ్చిన వాళ్ళందరితో మాట్లాడేది. నేను ఒక్క బిందెతో వస్తూ సగం నీళ్ళు లంగా మీద పోసుకునేదాన్ని. పొద్దున్నే చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని, మాగాయ టెంక చీకి, చెయ్యి కడుక్కుని, ఇక ప్రపంచంలో దేనికీ భయపడక్కర్లేదన్నట్టు లేచేది. నన్ను ఎవరైనా గట్టిగా పేరు పెట్టి పిలిస్తే గుండె దడదడలాడేది.

నాకు బలమైన ఆడది అంటే సినిమాలోనే తెలుసు. ఆ రోజుల్లో ఒక హీరోయిన్ గుర్రమెక్కి, కొరడా పట్టుకుని, విలన్ని వాడి వాకిట్లోనే నిలదీసిన సినిమా ఒకటి ఆడింది. నేను మూడుసార్లు చూశాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు బీరువా అద్దం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని, గడ్డం పైకెత్తి, ఆమెలాగా నాలుగడుగులు వేసేదాన్ని. అయిదో అడుగుకి నాకే నవ్వొచ్చేది.

మూడోసారి వదినను వెంట తీసుకెళ్ళాను. మా ఊరి హాల్లో ఆడవాళ్ళకు టిక్కెట్లిచ్చే చోటు అంటే గోడలో ఒక కన్నం. అందులోకి ఒకేసారి పది చేతులు దూరేవి. గాజులు పగిలేవి, జడలు ఊడేవి. నేను రెండుసార్లు తోసుకుని వెళ్ళి రెండుసార్లూ వెనక్కి వచ్చి పడ్డాను. వదిన ఓణీ నడుముకి బిగించి, "డబ్బులిటివ్వు" అని, గుంపులోకి వెళ్ళింది. కాసేపటికి గాజులు పగిలిన చేత్తో రెండు టిక్కెట్లు పట్టుకుని, నవ్వుతూ బయటికొచ్చింది. తోసుకోలేక పక్కన నిలబడ్డ ఒక ముసలమ్మ ఇచ్చిన చిల్లరతో ఆవిడకీ ఒక టిక్కెట్టు తెచ్చిపెట్టింది. ఆవిడ నా వైపు తిరిగి, "ఎవరమ్మా ఈ పిల్ల, అచ్చం సినిమాలో దాన్లాగే ఉంది" అంది.

సినిమా అంతా నేను తెర వైపు చూశానే గాని ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. మూడుసార్లు చూసింది నేను, అద్దం ముందు నడిచింది నేను. ఆ మాట మాత్రం తనకి దక్కింది. ఒళ్ళు మండిపోయింది.

తర్వాతి వారం సినిమా పత్రికలో ఆ హీరోయిన్ ఏం తింటుందో వేశారు. పొద్దున్నే తేనె, నిమ్మరసం కలిపిన నీళ్ళు. మధ్యాహ్నం ఉప్పూ కారం లేని ఉడకబెట్టిన కూరగాయలు. సాయంత్రం ఒక పండు, నానబెట్టిన పెసలు. అన్నం ముట్టదట. శరీరం శుభ్రంగా ఉంటే మనసుకి ధైర్యం దానంతటదే వస్తుందని ఆవిడ అన్నట్టు రాశారు. ఈ రోజుల్లో మా మనవరాలు ఫోన్లో చూసి చేసే పథ్యం కూడా ఇంచుమించు ఇదే. అందుకే తనని చూసి నవ్వే హక్కు నాకు లేదు.

నేను వెంటనే మొదలుపెట్టాను. ఉప్పు లేని సొరకాయ ముక్కలు తింటుంటే మా నాన్న జ్వరమొచ్చిందా అని నుదురు పట్టి చూశారు. అమ్మ తిట్టింది. మూడోరోజుకి కళ్ళు తిరిగాయి. అయిదోరోజు మెట్లు ఎక్కుతుంటే మోకాళ్ళు వణికాయి. ఏడోరోజుకి మానేశాను. ధైర్యం రాలేదు సరికదా, ఉన్న కాస్త ఓపికా పోయింది. అంటే ఆ పథ్యం మనిషిని ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను చేసిన పని తెలిసి చేసిందే.

మా కాలేజీ నుంచి గుడివాడలో జరిగే రింగు పోటీలకి సింగిల్స్ ఆడటానికి ఒక్క అమ్మాయిని పంపుతారు. రింగు అంటే టెన్నికాయిట్. రబ్బరు చక్రాన్ని వల మీదుగా విసరడం, కింద పడకుండా ఒక్క చేత్తో పట్టుకోవడం. నాకు వచ్చిన విద్య అదొక్కటే. చదువులో నేను మధ్యరకం, పాటలో గొంతు లేదు, మనిషిని పీలగా ఉండేదాన్ని. రింగు విసిరితే మాత్రం ఎక్కడ అనుకుంటే అక్కడ పడేది. ముందు ఏడాది సీనియర్ అమ్మాయి వెళ్ళింది, ఈ ఏడు నువ్వేనని డ్రిల్లు టీచరు నాకు చెప్పి కూడా ఉంచింది. వదిన వచ్చాక నెలలోపే ఆ ఆట నేర్చుకుని రోజూ నన్ను ఓడించడం మొదలుపెట్టింది. టీచరు నోటి నుంచి నా పేరు రావడం తగ్గింది. ఎంపిక ఆట మూడు వారాల తర్వాతని చెప్పింది.

ఆ సాయంత్రం ఈ సంగతి అమ్మకి చెప్పాను. అమ్మ అన్నం వార్చుతూ వింది. గరిటె గట్టిగా కింద పెట్టి, "మన అన్నం తిని మన పిల్ల మీదే గెలవాలా" అంది. వాకిట్లో ముగ్గుపిండి డబ్బా సర్దుతున్న వదినకి ఆ మాట వినపడింది. అమ్మ చెడ్డది కాదు, అంతకు ముందు రోజే వదిన పని చూసి నేర్చుకోమని నన్ను సాధించింది. కానీ ఆ క్షణాన అమ్మ నా వైపు ఉన్నందుకు నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను.

మర్నాడు ఆ సినిమా పత్రిక తీసి వదిన ముందు పెట్టాను. నువ్వు పల్లెలో పనికెళ్ళే వాళ్ళలా తింటున్నావు, కాలేజీలో నవ్వుకుంటున్నారు, ఇలా నెల్లాళ్ళు తింటే ఆ హీరోయిన్ లాగా తయారవుతావు అన్నాను. ఈసారి నేను కూడా నీతో పాటే పూర్తిగా చేస్తానన్నాను. ప్రతి చిన్నదానికీ వాదించే మనిషి, ఆ బొమ్మ వైపు చాలాసేపు చూసి, "నెల్లాళ్ళేగా, ఉంటాలే" అంది. ఇంత తేలిగ్గా నమ్మిందేమిటా అని, పల్లెటూరి బుర్ర అని, మనసులో నవ్వుకున్నాను.

తను ఉప్పు మానేసింది, అన్నం మానేసింది. ఉడికిన బీరకాయ ముక్కలు ముఖం చిట్లించకుండా తినేది. అమ్మ తిడితే, నెల్లాళ్ళే అత్తయ్యా అని నవ్వేసేది. నేను తన ఎదురుగా కూర్చుని అవే రెండు ముక్కలు తిని లేచేదాన్ని. పొద్దున్నే తను కుళాయికి వెళ్ళగానే వంటింటి తలుపు వెనక నిలబడి, కుండలో చద్దన్నం గబగబా మింగేదాన్ని. ఆ కుండలో రోజూ సరిగ్గా ఒకరికి సరిపడా ఉండేది. గంజి, మజ్జిగ, ఉప్పు కలిపి, మూత మీద ఒలిచిన ఉల్లిపాయ కూడా ఉండేది. అమ్మ అలవాటు కొద్దీ వేస్తోందనుకున్నాను. జీవితంలో అంత రుచిగా ఏదీ తినలేదు, దొంగతనం చేసి తిన్నందుకేమో.

మూడో వారానికి వదిన బుగ్గలు లోపలికి పోయాయి. రెండు బిందెలు ఒక బిందెకి వచ్చాయి. నాకు బాధ కలిగిందని రాస్తే బావుంటుంది, కానీ కలగలేదు. తను బిందె దించి గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుంటుంటే కళ్ళారా చూశాను.

ఎంపిక రోజున నేను గెలిచాను, ఇరవై ఒకటికి పదిహేడు. చివర్లో వదిన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి రొప్పింది. టీచరు నా భుజం తట్టి, తనను ఎక్స్‌ట్రాగా రమ్మంది. ఇంట్లో అమ్మ సేమ్యా పాయసం చేసింది. పథ్యం కదా, వదిన ముట్టుకోలేదు. నేను కూడా తన ముందు ముట్టుకోలేక, తర్వాత గిన్నెడు తాగాను. ఆ రోజు అద్దం ముందు అయిదో అడుగు కూడా వేశాను, నవ్వు రాలేదు.

వారం తర్వాత తెల్లవారగట్ల బస్సెక్కి గుడివాడ వెళ్ళాం. తొందరలో చద్దన్నం తినడం కుదరలేదు. అయినా మొదటి ఆట గెలిచాను. మధ్యాహ్నం కాలేజీ వరండాలో గుడివాడ అమ్మాయిలు నా చుట్టూ చేరి, ఇంత పీలగా ఉన్నావు, ఎలా ఆడుతున్నావని అడిగారు. నేను గడ్డం పైకెత్తి, ఉప్పులేని కూరలు, తేనె నీళ్ళు, హీరోయిన్ పథ్యం అని అంతా చెప్పాను. వదిన పక్కనే నా తువ్వాలు పట్టుకుని నిలబడి విన్నది. వాళ్ళు వెళ్ళాక సంచీలోంచి ఒక టిఫిన్ డబ్బా తీసి మూత విప్పింది. చద్దన్నం, పక్కన ఉల్లిపాయ.

"తిను. పొద్దున తినకుండా వచ్చావుగా."

నేను ఇలాంటివి తినడం లేదని అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినపడింది.

"నెల్లాళ్ళ నుంచీ తింటున్నావుగా. కుండలో వేసేది నేనేగదే, నాకు తెలీదా?"

ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. రెండో రోజు నుంచీ అంది. నేను ఎందుకు ఆ పత్రిక చూపించానో కూడా తెలుసా అని అడిగాను. తెలుసంది. మరి తెలిసి ఎందుకు చేశావని అడిగేసరికి నా గొంతు పెద్దదయింది. తను అటూ ఇటూ చూసి, మెల్లగా చెప్పింది.

"మీ ఇంట్లో అన్నం తింటూ నిన్ను ఓడిస్తే అత్తయ్య మొహం ఎట్టా చూడను? పోనీ ఊరికే ఓడిపోదామంటే నువ్వు కనిపెట్టేస్తావు. నువ్వు ఆ పుస్తకం తెచ్చి చూపిస్తే దేవుడే పంపాడనుకున్నా. తిండి లేకపోతే నిజంగానే ఓడిపోతాగా. ఇంక నటించక్కర్లేదు."

నేను తనను మోసం చేశాననుకున్నాను. తను నా మోసాన్ని తీసుకుని తనకి కావలసినట్టు వాడుకుంది, పైగా నాకు ఆకలేస్తుందని ఉల్లిపాయ ఒలిచి పెట్టింది. సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది అసూయే. తన భుజాల మీద, తన గాజులు పగిలిన చేతి మీద కుళ్ళుకున్నదంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఓడిపోవాలని తనే నిర్ణయించుకుని ఓడిపోగల మనిషిని నేను అప్పటిదాకా ఏ సినిమాలోనూ చూడలేదు. తన మీద నాకున్న ఒక్క గెలుపు కూడా తను పెట్టిందే.

డబ్బా ముట్టుకోలేదు. రెండో ఆట చిత్తుగా ఓడిపోయాను. తిరుగు బస్సులో పెడన దాటాక డబ్బా అడిగి తీసుకున్నాను. సగం తిని, సగం తన ముందు పెట్టాను. నెల అయిపోయింది, ఇంక తిను అన్నాను. తను ఆ సగాన్ని మొదటిరోజు మా ఇంట్లో తిన్నట్టే తిన్నది.

మర్నాడు పొద్దున అమ్మ ముందే కుండ దింపాను. పథ్యం నేనెందుకు పెట్టించానో, తలుపు వెనక తిన్న సంగతి, ఆ రోజు గరిటె కింద పెట్టి అమ్మ అన్న మాట వదిన విన్న సంగతి, అన్నీ చెప్పాను. అమ్మ పీట వేసి, వదినకి ముందు వడ్డించి, మారు అడగకుండానే మళ్ళీ వడ్డించింది.

అలా పది రోజులు ఇద్దరం ఒకే కుండలోంచి తిన్నాం. తన బుగ్గలు మళ్ళీ నిండాయి, బిందెలు మళ్ళీ రెండయ్యాయి. పదకొండో రోజు నేను దొడ్లో దండెం తాడుని వలలా కట్టి, తన చెయ్యి పట్టుకుని అన్నం కుండ మీద పెట్టించాను.

"కావాలని ఒక్క పాయింటు కూడా వదలనని అన్నం మీద ఒట్టెయ్యి."

తను నా ముఖంలోకి చూసింది. నవ్వలేదు. ఒట్టేసింది.

ఓణీ నడుముకి బిగించి ఆడింది. అమ్మ గడప మీద కూర్చుని చూసింది. నేను నాకొచ్చిందంతా ఆడాను. ఇరవై ఒకటికి ఆరు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తన మీద కుళ్ళు పీకల దాకా వచ్చింది. కానీ ఆ ఆరూ నావే.