నేను తినేసిన మచ్చు కాయలు

ఆ రోజుల్లో మా పావగడ వైపు డిగ్రీ పాసైనవాణ్ణి చూస్తే మబ్బును చూసినంత సంబరపడేవారు. మా మబ్బుల సంగతి తెలిసిందే, కనబడతాయి గానీ కురవవు. నేనూ తుమకూరులో బి.ఏ. ముగించి మా ఊరు అరసికెరె చేరి ఏడాదైనా కురవలేదు. అర్జీ పెట్టిన చోటల్లా ‘చెప్పి పంపిస్తాం’ అన్నారు. (ఆ చెప్పేవాడు ఇంకా దారిలోనే ఉన్నట్టున్నాడు.) అయినా నాకు దిగుల్లేదు. చరిత్రలో ఫస్టు క్లాసు తెచ్చుకున్నవాడికి ఉద్యోగం ఎక్కడికి పోతుందని నా ధీమా. దిగులంతా మా నాయనది. ఒక పొద్దున మడకకు కర్రు బిగిస్తూ తేల్చేశాడు: “ఒక జత ఎద్దుల్నమ్మి సదివిస్తి. తొలివాన పడేలోగా యాడన్నా పని జూసుకో. లేదంటే ఉండే జతను నువ్వే తోలు.”

పావగడలో శెనక్కాయల మండీ సావుకారుకు గుమాస్తా కావాలని తెలిసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, చంకలో ఫైలుతో బస్సెక్కాను. సావుకారు నన్ను ఎగాదిగా చూసి, “కూసోప్పా, వస్తా” అని ఏదో పని మీద లోపలికి పోయాడు. నా ముందు మూడు పళ్ళేల నిండా శెనక్కాయలు. మా ఊళ్ళో ఇంటికొచ్చిన మనిషికి కాయలు పెట్టడం మర్యాద, పెట్టినవి తినకపోవడం అవమానం. (మా అవ్వయితే “మా కాయలు నీకు చేదా?” అని తగువుకే దిగేది.) మూడు పళ్ళేలు పెట్టాడంటే మహారాజే అనుకున్నాను. ఒకదాంట్లోనే తింటే మిగతావి బాగాలేవన్నట్టు అవుతుందని మూడింట్లోనూ సమంగా తింటూ పోయాను. చదువుకున్నవాణ్ణి, పక్షపాతం చూపిస్తే ఎట్లా? సావుకారు తిరిగొచ్చేసరికి పళ్ళేల్లో పొట్టు మాత్రమే ఉంది.

“అయ్యో, నీ ఇల్లు బంగారం గాను! మచ్చు కాయలప్పా అవి!” అని నెత్తి కొట్టుకున్నాడు. “బయట మూడు లారీలు నిలబడుండాయి. యా లారీ సరుకు దించుకోవల్లనో జూద్దామని పెట్టుకుంటి. ఇప్పుడు యాడ జూసేది, నీ కడుపులోనా?”

నోట్లో ఆఖరి గింజ ఇంకా ఉంది. దాన్ని మింగి, “మొదటి పళ్ళెం లారీ దించుకో సావుకారూ,” అన్నాను. “రెండోది తడిసి ఎండిన సరుకు, నాలిక మీద చేదు నిలస్తా ఉండాది. మూడోది పోయినేటిది.”

ఇది బి.ఏ.లో చెప్పింది కాదు. విత్తనాల కాయలు ఒలిచేటప్పుడు మేం తినేస్తామని మా అవ్వ పిల్లలందరి చేతా పాటలు పాడించేది. పాట ఆగితే వీపు మోగేది. పాడుతూ నమలడం నేర్చుకున్న గాయకుణ్ణి నేను. ఏ కాయ ఎట్లాంటిదో అక్కడే నా నాలుకకు తెలిసింది.

సావుకారు పోయి మూడు లారీల్లోనూ గోతాల అడుగునుంచి తీయించి చూశాడు. వచ్చి, “ఆ ఫైలిట్లియ్యి” అన్నాడు. నా గుండె ఉప్పొంగింది. మూడేళ్ళ చదువు ఎట్టకేలకు ఒక మనిషి కంట పడబోతోంది! ఆయన ఫైలును తెరవకుండానే పొట్టంతా దానిమీదికి ఊడ్చి నా చేతికిచ్చాడు.

“బయట పారేసి రా. రేపట్నుంచి పనిలోకి రా. కుర్చీ గిర్చీ ఏం లేదు. ఊరూరా తిరిగి కాయ కొరికి జెప్పల్ల, అంతే.”

ఇంటికి రాగానే నాయన “ఏమడిగినారు?” అన్నాడు. “చరిత్ర” అన్నాను ధైర్యంగా.

ఆ ఏడు తొలివాన పడనే లేదు. మడక గోడకు ఆనుకునే ఉండిపోయింది. విత్తనాలకని దాచిన కాయలు కూడా తినేశాం. ఆపైన ఇంటిల్లిపాదీ తిన్న సంగటి నా జీతానిదే. ఒక మధ్యాహ్నం ముద్ద తుంచుతూ నాయన అమ్మతో, నాకు వినబడేట్టు అన్నాడు: “ఆ ఎద్దుల్నమ్మింది మంచిదే అయిందిలే.”

ఇప్పుడు నావి కట్టుడు పళ్ళు, ఏ కాయైనా ఒకటే రుచి. ఆ ఫైలు దులిపితే మాత్రం ఇంకా పొట్టు రాలుతుంది. నాకు పని ఇప్పించింది బి.ఏ. కాదని నాయనకు చివరిదాకా చెప్పలేదు. చెప్పి, ఆయన చేత ఆ ఎద్దుల్ని మళ్ళీ అమ్మించడం ఎందుకు?