కోడి కాళ్లకు కటింగ్ ప్లేయర్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో లేదు. డిగ్రీ అప్పుడే అయింది. కోళ్లకు ఖనిజ లవణాల పొడి అమ్మే కంపెనీలో ఉద్యోగం, కోదాడలో అద్దె గది. మా ఊరు కృష్ణకు అవతల, నేను తిరగాల్సిన ఊళ్లు మాత్రం సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా. మాంగనీసు, జింకు తగ్గితే కోడి ఎముక ఏమవుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని (ఎవరూ లేపి అడగలేదు, అది వేరే సంగతి).

ఒక పొద్దున ఆత్మకూరు నుంచి నాటుకోళ్ల అక్క ఫోన్ చేసింది. ఏళ్లపాటు కూలికి పోయి, ఆ పని మానుకుని, మొదటిసారి షెడ్డు వేసుకుని ఐదు వందల కోడిపిల్లల్ని పెంచుతున్న మనిషి. "సారూ, నా కోళ్ల బొక్కలు ఖరాబైతున్నయ్. జర తొందరగ వస్తవా? గిట్లనే ఉంటె షెడ్డు బంద్ వెట్టుడే ఇగ" అంది. మా వైపు బొక్క అంటే కన్నం. షెడ్డు చుట్టూ ఉన్న ఇనుప తీగల జాలీకి కన్నాలు పడి కుక్కలు దూరుతున్నాయి కాబోలు అనుకున్నాను. నా ఉద్యోగం అది కాకపోయినా, దారిలో కట్టుతీగ, కటింగ్ ప్లేయర్ కొనుక్కుని బండి మీద బయలుదేరాను.

వెళ్లగానే, ఆమె నోరు తెరవకముందే, "మీరు కంగారుపడకండి, నేను చూసుకుంటాను" అని జాలీ అంగుళం అంగుళం తడమడం మొదలుపెట్టాను. అరగంట. మోకాళ్ల మీద పాకాను కూడా. పెద్ద చదువు చదివినాయన ఏదో పరీక్ష చేస్తున్నాడనుకుని ఆమె నా వెనకే నడిచింది. చివరికి లేచి, "ఎక్కడా ఒక్క బొక్క కూడా లేదక్కా!" అని ప్రకటించాను.

"బొక్క లేకుంటె కోడి ఎట్ల నిలవడ్తది సారూ?" అంటూ ఒక పిల్లను తెచ్చి నా చేతిలో పెట్టింది. "గిదిగో, కాలు బొక్క సూడు."

కీలు వాచి, కాలు పక్కకు తిరిగిపోయి ఉంది. ఈ ప్రాంతంలో బొక్క అంటే ఎముక అని అప్పుడు తెలిసింది. తీగచుట్ట భుజానికి వేలాడుతుండగానే తేరుకుని, ఇది మాంగనీసు లోపమనీ, మా పొడి వాడితే ఇలా జరగదనీ పాఠం అందుకున్నాను.

"నీ పొడే వాడుతున్న గద సారూ" అంది.

"ఎలా కలుపుతున్నారో చూపించండి" అన్నాను. మొక్కజొన్న, మిర్యాలగూడ మిల్లు తవుడు కుప్ప పోసి, పైన గుప్పెడు పొడి చల్లి, పారతో రెండుసార్లు తిప్పింది. మేత తొట్టి అడుగున చూస్తే పొడంతా మట్టిలా పేరుకుని ఉంది. కోళ్ల నోటికి అందిందే లేదు.

"ఇలా కలపమని ఎవడు చెప్పాడు మీకు?" అని గద్దించాను.

"నువ్వే సారూ. పోయిన నెల వచ్చి, మీద సల్లితె సాలు అన్నవ్. బండి గూడ దిగలే."

చొక్కా చేతులు మడిచాను. పొడిని ముందు దోసెడు తవుడులో, దాన్ని బుట్టెడు తవుడులో, ఆ తర్వాత మొత్తం మేతలో కలిపి చూపించాను. ఒళ్లంతా తెల్లబడింది. "కోళ్ల సంగతేమో గని, నీ బొక్కలు మంచిగ గట్టివడ్తయ్ సారూ" అని నవ్వింది. కాలు తిరిగినవి బాగుపడవని చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు. "ఇంకొక్క బ్యాచ్ సూస్త" అంది. ఆ మాట వారాల తరబడి నా చెవిలో ఉండిపోయింది.

తర్వాతి బ్యాచ్ పిల్లలకు నెల దాటాక వెళ్లాను. తలుపు తీయగానే పిల్లలన్నీ ఉరుక్కుంటూ వచ్చి మా కాళ్లలో పడ్డాయి. కుంటేది ఒక్కటీ లేదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని ఛాయ్ తెచ్చిచ్చింది. నేను గ్లాసు పట్టుకుని, ఇదంతా మాంగనీసు మహిమ అని మళ్లీ మొదలుపెట్టాను. ఆమె కోళ్లనే చూస్తూ ఊ కొడుతోంది, నా మాట ఒక్కటీ వినడం లేదు. ఆ సంగతి అప్పటి నాకు, ఆ కుర్రాడికి, తెలియలేదు పాపం. ఇప్పుడు తలచుకుంటే, వాడి పక్కన కూర్చుని, "ఛాయ్ చల్లారిపోతోంది, తాగరా" అని చెప్పాలనిపిస్తుంది.