బెంచీ మీద గోల్‌కీపరు

మలేషియాలోని క్లాంగ్‌లో ఒక సెకండరీ స్కూలు హాకీ జట్టుకు జోసఫీన్ గోల్‌కీపరు, లోగన్ సార్ కోచ్. తల్లి డోరతీ పోర్ట్ క్లాంగ్‌లో గోదాము పనికి వెళ్తుంది. ఆట చూసి సీటిచ్చే కాలేజీ ఒకటి స్కూళ్ళ వెంట తిరుగుతోందని విన్నప్పటి నుంచి ఆ పిల్లకు తిండి సహించడం లేదు.

జట్టులో ఇద్దరికి పిలుపు వచ్చింది. ఆమెకు రాలేదు. పిలుపు అందుకున్న మాధవి ఆమెను పక్కకు లాగి చెప్పింది.

"కాలేజీ కోచ్ కోగిల మేడం నీ గురించి లోగన్ సార్‌ని అడిగినాది. 'ఆట వస్తాది, కానీ నమ్మలేం, ఫైనల్ రోజు చెయ్యిచ్చినాది' అన్నాడు. నా ముందరే."

ఫైనల్ రోజు జోసఫీన్ బటాంగ్ బెర్జుంటై ఊళ్ళో నాయనమ్మ సమాధి దగ్గర నిలబడి ఉంది. వెళ్ళేముందు లోగన్ సార్‌కు ఫోన్ చేసి చెప్పింది కూడా. ఆయన మాటాడకుండా పెట్టేశాడు. ఏళ్ళ తరబడి ఆయన కలగన్న కప్పు ఆ రోజు చేజారింది. అప్పటి నుంచి ఆమెను పేరుపెట్టి పిలవడం మానేశాడు.

మర్నాడు హాకీ కర్రలు పెట్టే గది దగ్గర ఆయనకు అడ్డం నిలబడింది. ఆయనతో ఎప్పుడూ తమిళమే.

"ఎందుకు రాలేదో కూడా ఆ మేడంకి చెప్పారా సార్?"

"చావు లేని ఇల్లుందా? నేను అబద్ధమాడలేదు. నువ్వు వచ్చావా, రాలేదా?"

"రాలేదు."

"అంతే."

ఇంట్లో సంగతి వినగానే డోరతీ గరిటె పక్కన పెట్టింది. "నానొచ్చి అడగనా?"

"వద్దమ్మా. టీమ్‌లోంచి తీసేస్తాడు."

"తీస్తే తియ్యనీ. ఆయన కాదన్నాడని ఐపోనాదేటి? ఆ మేడంకి నోరు లేదా, నీకు లేదా? నువ్వే ఫోన్ సెయ్యి."

మాధవి దగ్గర నంబరు తీసుకుని, ఫోన్ చేసి, తన ఆట ఒక్కసారి చూడమని అడిగింది. శనివారం మ్యాచ్‌కు వస్తానని మాత్రం అంది కోగిల.

శనివారం లోగన్ సార్ జూనియర్ పిల్లను గోల్‌లో నిలబెట్టాడు. జోసఫీన్ కాళ్ళకు ప్యాడ్‌లు బిగించుకుని ఎండలో బెంచీ మీద కూర్చుంది. బంతి గోల్ వైపు వచ్చినప్పుడల్లా ఆమె మోకాళ్ళు వాటంతటవే కదిలాయి. ఒకసారి, బంతి లోపలికి పోతే బాగుండునని మనసులో అనుకుంది. మరుక్షణం సిగ్గుతో తల దించుకుంది. ఆమె లేకుండానే జట్టు గెలిచింది.

కోగిల కారు వైపు నడుస్తోంది. జోసఫీన్ ఆ బరువు ప్యాడ్‌లతోనే పరుగెత్తింది.

"మేడం, ఫోన్ చేసింది నేనే. నాకు కొన్ని బంతులు కొట్టి చూడండి."

"గ్రౌండ్ మూసే టైమైంది," అన్నాడు వెనక నుంచి లోగన్ సార్.

"కాసేపే సార్," అంటూ కోగిల మాధవి చేతిలోని కర్ర అందుకుంది.

మొదటి బంతి జోసఫీన్ కాళ్ళ మధ్య నుంచి దూరిపోయింది. లోగన్ సార్ ముక్కుతో నవ్వాడు. రెండోది జోసఫీన్ ప్యాడ్‌తో ఆపింది. తర్వాతిది పక్కకు దూకి చేత్తో కొట్టేసింది. కోగిల కొట్టే దెబ్బ గట్టిపడే కొద్దీ జోసఫీన్ మరింత నిబ్బరంగా ఆపింది. కోగిలకు ఆయాసం వచ్చేదాకా ఆట సాగింది.

"ఫైనల్ రోజు ఎక్కడున్నావు?"

"మా నాయనమ్మను సమాధి చేస్తున్నారు మేడం. సార్‌కి చెప్పే వెళ్ళాను."

కోగిల లోగన్ సార్ వైపు తిరిగింది. ఆయన వంగి బంతులు ఏరుకుంటున్నాడు.

కాలేజీ జట్టులో మొదటి గోల్‌కీపరు చోటు ఈపో ఊరి అమ్మాయికి పోయింది. జోసఫీన్‌కు రెండో చోటు దక్కింది. చాలా వారాలు మళ్ళీ బెంచీయేనని కోగిల ముందే చెప్పింది. సరేనంది.

స్కూలు ప్యాడ్‌లు తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు లోగన్ సార్ వాటిని తిప్పి తిప్పి చూశాడు.

"ఎడమ పట్టీ తెగింది."

"అవును సార్. వెళ్ళొస్తాను."

ఆయన తెగిన పట్టీ ఊడదీయడం మొదలుపెట్టాడు. పేరుపెట్టి పిలుస్తాడేమోనని జోసఫీన్ గుమ్మంలో ఆగి చూసి, బస్సుకు వేళవడంతో బయటికి నడిచింది.