ఏటా ఆట మార్చే ఎల్మర్

మా ఊరి హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ ఎల్మర్ వోబోరిల్‌కి ఒకటే పిచ్చి. ఏటా ఆగస్టు రాగానే, నిరుడు గెలిపించిన ఆటైనా సరే, ఆ పథకాల పుస్తకం చెత్తబుట్టలో పారేసి కొత్తది రాస్తాడు. పద్దెనిమిదేళ్లుగా ఆయన పక్కన సహాయ కోచ్‌ని నేను. పద్దెనిమిది పుస్తకాలు బట్టీ పట్టాను. మా ఆవిడ పుట్టినరోజు మరిచిపోయానంటే ఆ పాపం ఎల్మర్‌దే.

ఒక ఏడు బంతి చంకన పెట్టుకుని పరుగే పరుగు. మరుసటేడు విసరడమే తప్ప పరుగన్న మాట లేదు. కాఫీ హోటల్లో రైతులు నిలదీసినా ఎల్మర్ తొణకడు. "ఆ ఆటలో జట్టుని నడిపిన క్వార్టర్‌బ్యాక్ చదువైపోయి వెళ్లిపోయాడు కదయ్యా. వాడి చొక్కా వీడికెలా తొడగను?" అంటాడు.

ఈ ఏడు పిచ్చి ముదిరింది. ఎక్కడైనా క్వార్టర్‌బ్యాక్ తన పదిమందినీ చుట్టూ చేర్చి ఏం ఆడాలో చెబుతాడు, తర్వాత కేక వేసి బంతి అందుకుంటాడు. మా జట్టులో మాత్రం మైదానంలో ఎవరూ నోరు విప్పకూడదట. ఎల్మర్ బయటినుంచి బొమ్మల అట్టలు ఎత్తి చూపిస్తాడు. ట్రాక్టరంటే పరుగు, పంది అంటే దూరంగా విసరడం. క్వార్టర్‌బ్యాక్ టోబిన్ సొబోట్కా చప్పట్లు కొడితే బంతి కదలాలి. ఈ టోబిన్ వేసవిలోనే మా ఊరొచ్చాడు. ఎవరితోనూ మాట్లాడడు. బిడియం కాబోలు అనుకున్నాం.

ఈ మూగ ఆటేమిటని అడిగితే, అరుపులకి తనకు తలనొప్పి వస్తుందన్నాడు ఎల్మర్. ఈయన గుసగుసలాడితే పక్క ఊళ్లో కుక్కలు లేస్తాయి.

మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడాం. మూడోదీ పోతే కోచ్‌ని మారుస్తామని స్కూలు కమిటీ తేల్చేసింది. అయినా ఎల్మర్ అట్టలు వదల్లేదు.

మూడో మ్యాచ్‌లో చివరి నిమిషానికి నాలుగు పాయింట్లు వెనకబడ్డాం. సరిగ్గా అప్పుడే మా నెబ్రాస్కా గాలి అట్టలన్నీ ఎగరేసుకుపోయి మొక్కజొన్న చేలో పడేసింది. ఇంక చాలు, ఏం ఆడాలో ఆ కుర్రాణ్ణే చెప్పుకోనిమ్మన్నాను.

ఎల్మర్ నా చెవి దగ్గరికి వంగి, జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు. "టోబిన్‌కి నత్తి. ఆటకీ ఆటకీ మధ్య నలభై సెకన్లే ఉంటాయి. వాడి నోరు తడబడుద్ది గానీ చెయ్యి తడబడదు. ఈ సంగతి ఊరికి తెలియక్కర్లేదు. నన్ను పిచ్చోడనుకోనీ."

అంటూనే ఆ అరవై మూడేళ్ల మనిషి మోకాళ్ల మీద పడి, ముక్కుతో నేల కుమ్ముతూ, పందిలా పాకాడు. జనం విరగబడి నవ్వారు. నాకు సిగ్గేసింది, ఆయన్ని చూసి కాదు, నన్ను చూసుకుని. టోబిన్ నవ్వలేదు. చప్పట్లు కొట్టి, బంతి అందుకుని, నలభై గజాలు విసిరాడు. చివరి గీత అవతల మావాడొకడు పట్టేశాడు, ఆరు పాయింట్లు. గెలిచాం.

జట్టంతా గోల చేస్తుంటే టోబిన్ వచ్చి ఎల్మర్ ఎదురుగా నిలబడ్డాడు.

"కో... కోచ్. మా... మా ఇంట్లో పందులున్నాయి. అవి అ... అలా నడవవు."

ఆ మాట పూర్తవడానికి నిమిషం పట్టింది. ఎల్మర్ ఒక్క అక్షరం కూడా అందించకుండా చివరిదాకా విన్నాడు. తర్వాత మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు.

"సరే. రేపు పొద్దున్నే మీ ఇంటికొస్తా. శుక్రవారం మ్యాచ్‌కల్లా నేర్చుకోవాలి."