ఊ బేడా గారి స్లంపు ధరలు

అప్పయ్యకి ఒకటే జబ్బు. ఏ వస్తువు కంటబడినా ధర అడుగుతాడు. అడిగి ఊరుకోడు, స్లంపులో అది ఎంతకొచ్చేదో చెబుతాడు. చెప్పకపోతే ఆ పూట ఆయనకి అన్నం సయించదు.

స్లంపంటే తొంభై ఏళ్లు దాటిన మాట. రంగూన్ని మనవాళ్లు రంగం అని పిలిచే రోజులు. ధాన్యం రేటు నేలకి కరుచుకుపోయి, మిల్లులు మూతపడి, బజారు నిండా సరుకుండి, కొందామంటే ఎవరి చేతిలోనూ కాణీ ఆడని రోజులు. ఆ స్లంపుని అప్పయ్య చూడలేదు. బోటాటౌంగ్ రేవులో బియ్యం బస్తాలు మోసిన వాళ్ల అయ్య చూశాడు. అయ్య చెప్పిన ధరలే కొడుక్కి ఆస్తిగా మిగిలాయి.

ఆ సంగతి మనవరాలు భానుప్రియ ఒకసారి పట్టుకుంది. "తాతా, నువ్వప్పటికి పుట్టనేలేదు కదా, నీకెలా తెలుసు?" అంది.

"నాను పుట్టకపోతే ఏటి? ధరలు పుట్టాయి కదా," అన్నాడు అప్పయ్య.

కొడుకు సూరి బతికున్నప్పుడు ఈ జబ్బు ఇంటి గుమ్మం దాటేది కాదు. నెలకోసారి కందిపప్పు గురించో కిరసనాయిలు గురించో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకునేవాడు. కిందటేడు సూరి పోయాక, కోడలు చిలకమ్మ మొదటిసారి బజారుకి బయల్దేరిన పొద్దున, ఆయన కూడా లుంగీ బిగించి, చంకలో గొడుగు పెట్టి వెనకాలే వచ్చాడు. ఆ రోజు నుంచి జబ్బు ముదిరింది. ముదిరి, రంగూన్లో వాళ్లుండే మింగళ తౌంగ్‌న్యున్ పేట సందులన్నిటికీ పాకింది.

పోనీ ఆ ధరలైనా ఒక్కచోట నిలిస్తే బాగుండును. బజారులో రేటు పెరిగేకొద్దీ ఆయన స్లంపు రేటు పడిపోయేది. ఉల్లిపాయలు వీశె అణా అని వానలకి ముందు చెప్పాడు. వానల్లో ఉల్లి మండిపోతే ఆయన ఉల్లి అర్ధణాకి దిగింది. వానలు వెలిసి ఉల్లి ఇంకా మండితే కాణీకి దిగింది. చిలకమ్మ ఉండబట్టలేక, "మొన్న అర్ధణా అన్నావు కదా మావా?" అని అడిగితే, "మొన్న అర్ధణాయే. స్లంపు ముదుర్తంది కదమ్మా," అన్నాడు, పొద్దుటే రేవుకెళ్లి కనుక్కొచ్చిన మనిషిలాగ.

దగ్గొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఫీజు వినగానే దగ్గు ఆగిపోయింది. స్లంపులో ఆ సొమ్ముకి డాక్టరే ఇంటికొచ్చి మందిచ్చి, తిరిగెళ్లేటప్పుడు రిక్షా కూలి తనే పెట్టుకునేవాడని అక్కడే చెప్పాడు. అంతటితో ఆగితే బాగుండును. "ఈ దగ్గేదో అప్పుడొచ్చుంటే ఎంత చవగ్గా పోయేది," అని డాక్టరుతోనే నిట్టూర్చాడు. చిలకమ్మ చూపు తన చెప్పుల మీద నుంచి లేవలేదు.

వార్తలూ అంతే. టీ కొట్లో నలుగురూ గొంతు తగ్గించి నేటి కబుర్లు చెప్పుకుంటుంటే ఆయన గొంతు పెంచి, విశాఖ వెళ్లే ఓడకి డెక్కు టిక్కెట్టు తగ్గించేశారని చెప్పేవాడు. చెవులు సరిగా వినపడని ముసలాయన ఒకడు, అయితే ఓడ ఎప్పుడు బయల్దేరుద్దని ఆశగా అడిగాడు. "సరుకెక్కడం అవ్వనీ," అన్నాడు అప్పయ్య.

అన్నిటికంటే చిలకమ్మ తల కొట్టేసినంత పని చేసింది బేడ.

బేడంటే మనకి రెండణాలు. బజారులో ఏ కొట్టు ముందు నిలబడినా అప్పయ్య బేరం అక్కడే మొదలయ్యేది. బర్మా మాటలన్నీ మాట్లాడి చివరికి, "బేడకిస్తావా?" అనేవాడు. కోడిగుడ్లకీ బేడే, కొత్త గొడుక్కీ బేడే. కానీ బర్మా వాళ్లకి బేడా అంటే నీళ్ల మీద తేలే గుర్రపు డెక్క. వంకాయరంగు పూలు పూసి, ఆటుతో కిందకీ పోటుతో మీదకీ తిరుగుతుంటుందే, అది. వంకాయల బేరం చేస్తూ గుర్రపు డెక్క ఎందుకు అడుగుతున్నాడో తెలియనట్టు కొట్టు వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు.

ఏటవతల ట్వంటే నుంచి బస్సూ పడవా మారి కూరగాయలు తెచ్చి అమ్మే డో సాన్ యీ అనే పెద్దావిడ ఉంది. బుగ్గల మీద గంధంలాంటి థనకా పూత, పెదాల మీద ఎప్పుడూ ఒక చుట్ట. ఒక రోజు ఆవిడ గంప కింద నుంచి తడి కారుతున్న గుర్రపు డెక్క మోపు ఒకటి తీసి, పూలతో సహా అప్పయ్య చేతుల్లో పెట్టింది. "రోజూ అడుగుతున్నావు కదా, తీసుకో," అంది. బజారు బజారంతా పొట్ట పట్టుకుంది. ఆ పూట నుంచి ఆయన పేరు ఊ బేడా. మర్యాదకి ముందు 'ఊ' తగిలించినా, వెనక బేడా బేడాయే.

అప్పయ్య ఆ మోపుని ఇంటిదాకా భుజం మీద మోసుకొచ్చాడు. నీళ్లు ఆయన వీపు మీద నుంచి కారుతూ దారంతా చార పడింది. ఆ చార వెనక చిలకమ్మ పది అడుగులు ఎడంగా, ఎవరో తెలియని మనిషిలాగ నడిచింది. ఇంటికొచ్చి బక్కెట్లో పెట్టి, "బేడ పెట్టకుండానే బేడ వచ్చింది, చూసేవా," అని మురిసిపోయాడు.

కరెంటు పోతే ఇంకో భాగోతం. సాయంత్రం టీవీలో సీరియల్ చూస్తుంటే గుప్పున పోయేది. అప్పయ్య మెట్ల మీద కూచుని, అయ్య డేరాలో చూసిన మూగ సినిమాని నోటితో ఆడించేవాడు. గుర్రం ఆయనే, గుర్రమెక్కిన దొరా ఆయనే, ఏడ్చే అమ్మాయీ ఆయనే, పక్కన హార్మోనియమూ ఆయనే. మెట్లెక్కే వాళ్లని ఆపి, నేల టిక్కెట్టు అర్ధణా అనేవాడు. పైవాటాల బర్మా పిల్లలు విసనకర్రలు పట్టుకుని వచ్చి కూచునేవాళ్లు. కరెంటు తిరిగొస్తే ఉసూరుమనేవాళ్లు. చిలకమ్మ లోపల తలుపు దగ్గరగా వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరేది. రాళ్లు లేని బియ్యమైనా సరే.

ఆ సందులోనే సన్యాసమ్మ అనే ఆవిడ ఉండేది. మనవాళ్లే, గంజాం వైపు వాళ్లు. ఎవరింట్లో ఏమైందో ఆఖరి బొట్టు దాకా పిండుకుంటే గాని ఆవిడకి నిద్ర పట్టదు. ఆవిడ ఎదురైతే అప్పయ్య గొంతు రెండింతలయ్యేది. ఆవిడ "ఏటే చిలకా..." అని నోరు తెరవగానే ఈయన ఎండు చేపల ధర ఎత్తుకునేవాడు. ఎండు చేపలయ్యాక ఉప్పు, ఉప్పయ్యాక బియ్యపు మిల్లుల సంగతి. ఆవిడ విసిగి, మీ మావని చూసి బజారంతా నవ్వుతోందే అని చిలకమ్మకి ఒక చురక వేసి వెళ్లిపోయేది.

నిప్పు రాజుకుంది ఒక ఆదివారం. పులస చేప ముందు నిలబడి అప్పయ్య బేడకి బేరమాడి, ఇవ్వనంటే పడిపోయిన బియ్యం ధరల వార్తని రాగం తీసి చదివాడు. ఎవరో కుర్రాళ్లు ఫోన్లో తీశారు. సాయంత్రానికి అది భానుప్రియ స్నేహితురాళ్ల దగ్గరికి చేరింది. పిల్ల ఫోను తల్లి ముందు పెట్టి, "అందరూ నన్ను బేడా మనవరాలు అంటున్నారమ్మా, రేపు నేను ట్యూషన్‌కి వెళ్లను," అని దుప్పటి ముసుగేసుకుంది.

ఫోన్లో అప్పయ్య వెనక చిలకమ్మ కూడా కనపడుతోంది. పైట నోటికి అడ్డం పెట్టుకుని, పక్కకి తిరిగి నిలబడి. తనని తాను అలా చూసుకుంటే ఆమెకి చచ్చేంత సిగ్గేసింది. మొగుడు పోయిన ఆడది, బజారులో తలెత్తుకుని నాలుగు కూరలు తెచ్చుకుందామంటే, పక్కన ఈ గంగిరెద్దు మేళమా అనుకుంది.

"మావా, రేపటి నుంచి నానొక్కదాన్నే బజారుకెల్తాను. నువ్వింక ఆ స్లంపు ధరలెత్తకు," అంది.

అప్పయ్య చాలాసేపు బక్కెట్లో పూల వంక చూశాడు. "అలాగేనమ్మా," అన్నాడు. "గొడుగట్టుకెల్లు."

మర్నాడు చిలకమ్మ తలెత్తుకునే బయల్దేరింది. సందు మలుపు దాకా ఎత్తుకునే ఉంది.

బజారులోకి అడుగుపెట్టగానే ఆమెకేదో తేడాగా తోచింది. ఎవరూ నవ్వడం లేదు. గుడ్లమ్మే అమ్మాయి ఆమె వెనక్కి చూసి, ఎవరూ రావడం లేదని చూసి, చటుక్కున కళ్లు దించుకుంది. అల్లం కొట్టాయన బేరమాడకుండానే తగ్గించాడు. పచ్చిమిరపకాయలమ్మాయి తూకం అయ్యాక ఇంకో పిడికెడు సంచీలో పడేసింది. ఊరికే వచ్చిన ఆ మిరపకాయలు చిలకమ్మకి గుమ్మడికాయంత బరువు తోచాయి. అందరూ మెత్తగా మాట్లాడుతున్నారు. చావింటికొచ్చిన వాళ్లు మాట్లాడినట్టు.

ఇంతలో సన్యాసమ్మ ఎదురొచ్చింది. ఈసారి మధ్యలో ఎండు చేపల ధర లేదు. ఆవిడ తిన్నగా వచ్చి జబ్బ పట్టుకుంది.

"ఓలమ్మ, ఎలా చిక్కిపోయేవే. ఆఖరికి ఏటన్నాడే సూరి? ఆస్పత్రిలో నిన్ను పిలిచాడంట, నువ్వేమో టీ తేడానికి కిందకెల్లేవంట. నిజమేనా?"

నిజమే. ఏడాదిగా చిలకమ్మ ఎవరికీ చెప్పని మాట అదే. ఎలా విడిపించుకుందో తెలియదు, డో సాన్ యీ గంపల వెనక్కి వెళ్లి నిలబడింది. ఆవిడ ఒక పీట లాగి, కూచోబెట్టి, ఫ్లాస్కులోంచి పాలు లేని టీ వంపి చేతికిచ్చింది. తర్వాత చుట్ట పక్కన పెట్టింది. ఆవిడ చుట్ట పక్కన పెట్టడం చిలకమ్మ చూడటం అదే మొదటిసారి.

"ముసలాయన ఏడీ?" అంది బర్మాలో.

"రావద్దన్నాను. అందరూ నవ్వుతున్నారు కదా."

"నవ్వమన్నాడు కాబట్టి నవ్వాం."

చిలకమ్మకి అర్థం కాలేదు. అప్పుడావిడ చెప్పుకొచ్చింది. చిలకమ్మ మొదటిసారి బజారుకి రావడానికి ముందురోజు అప్పయ్య ఒక్కడే వచ్చాడట. కొట్టు కొట్టుకీ తిరిగాడట. రేపు నా కోడలొస్తుంది, దాని మొగుణ్ణి గురించి ఎవరూ ఒక్క మాట అడక్కండి, జాలిగా చూడకండి, మీకు ఎటో ఒకవైపు చూడాలనుంటే నన్ను చూడండి, నవ్వొస్తే నన్ను చూసి నవ్వండి అన్నాడట. పోయినవాడు ఆయన కొడుకే కదా అని ఎవరికీ గుర్తు రానంత మామూలుగా చెప్పాడట.

"మరి బేడ?" అంది చిలకమ్మ.

"రెండణాలని ఆ రోజే చెప్పాడు. ఈ బజారులో తెలియనిదెవరికి? ఆ మోపు తెమ్మన్నదీ ఆయనే. తెల్లారకుండా కాలవలో దిగి కోశాను, తల్లీ. జలుబు చేసింది."

చిలకమ్మ టీ గ్లాసులోకి చూస్తూ కూచుంది. నీళ్ల చార వెనక పది అడుగుల ఎడంగా నడిచిన తన కాళ్లు గుర్తొచ్చాయి. ఇన్నాళ్లూ ఆయన్ని చూసి పడ్డ సిగ్గంతా ఒక్కసారిగా తన మీదకే తిరిగి, చెవులు వేడెక్కాయి. ఏడాది పొడుగునా ఈ సందుల్లో తిరిగింది. ఒక్కరూ, ఒక్కసారీ, ఆమెని ఏడిపించలేదు. అది తన అదృష్టం అనుకుంది.

ఇల్లు చేరేసరికి అప్పయ్య పైనుంచి తాడు వదిలి ఉన్నాడు. రంగూన్లో మేడ మీది వాళ్లు సంచులు లాక్కునే తాడు. సంచీ కట్టింది, లాగాడు. మెట్లెక్కి వచ్చేసరికి ఉల్లిపాయలు నేల మీద పోసి వాటి వంక చూస్తున్నాడు.

"ఉల్లెంతమ్మా?"

చిలకమ్మ నేటి రేటు చెప్పింది. అది నిన్నటికంటే ఎక్కువే. అప్పయ్య పెదాలు కదిలాయి, మళ్లీ మూసుకున్నాయి. గడ్డం రుద్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. తుమ్ము ఆపుకుంటున్న మనిషిలా మొహం ఎర్రబడింది. మాటిచ్చాడు కదా.

చిలకమ్మ ఆయన ఎదురుగా నేల మీద కూచుని, "స్లంపులో ఎంతుండేది మావా?" అంది.

ఆయన తలెత్తి కోడలి మొహంలోకి చూశాడు. డో సాన్ యీ చుట్ట పక్కన పెట్టి అంతా చెప్పేసిందని ఆయనకి తెలిసిపోయింది.

"మా అయ్య అంతేనమ్మా," అన్నాడు చివరికి. "స్లంపులో మా పెద్దన్న పోయాడంట, నాను పుట్టకముందు. అమ్మ ముందు ఎవరైనా ఆ మాటెత్తితే సాలు, మా అయ్య బేగి ఉల్లి ధర ఎత్తుకునేవోడు. నాను పుట్టి పెద్దయ్యేదాకా ఆ ఇంట్లో ధరలే విన్నాను."

"ఉల్లెంతుండేదో చెప్పలేదు," అంది చిలకమ్మ.

"ఉల్లా?" అప్పయ్య ఒక పాయ చేతిలో తీసుకుని బరువు చూశాడు. "మరీ పడిపోయిందమ్మా. నిన్నటి నుంచి ఊరికే ఇచ్చేస్తన్నారు."

భానుప్రియ దుప్పటిలోంచి తల బయటపెట్టి నవ్వింది.

మర్నాడు పొద్దున ఇద్దరూ బయల్దేరారు. ఆయన గొడుగు చంకలో పెట్టుకున్నాడు. ఆమె ఆయన పక్కనే నడిచింది. బజారు మొదట్లోనే సన్యాసమ్మ, ఎవర్నో వదిలిపెట్టి, వీళ్ల వైపు తిరిగింది. అప్పయ్య ఎండు చేపలకి గొంతు సవరించుకునే లోపల చిలకమ్మ గబగబా నాలుగడుగులు వేసి డో సాన్ యీ గంప ముందు నిలబడి, సందంతా వినపడేలా అడిగింది.

"వంకాయలు బేడకిస్తావా?"

ఒక్క క్షణం గుడ్లమ్మాయి చేతిలో గుడ్డు అలాగే ఉండిపోయింది. డో సాన్ యీ చుట్ట తీసి, చిలకమ్మని కింద నుంచి మీద దాకా చూసి, వంకాయలు తక్కెట్లో వేస్తూ, "బేడకి రావు. రేటు పెరిగింది. మూడణాలు," అంది.

అప్పయ్య కోడలి చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

"మూడణాలా! పద పద, ఇలాగైతే సంసారాలు చేసినట్టే."